ఒక్కపొద్దుల వేసవి

పోయిన నెల మా అన్న కూతురు కీర్తి గుంటూరు నుంచి వచ్చి, నరసరావుపేటలో మా ఇంటి మధ్యగదిలో చాప వేసుకుని, దాని నిండా కాగితాలు పరుచుకుని కూచుంది. పోషకాహారం మీద చదువుతున్న పిల్ల. కొరియా దేశం వాళ్ళు తమ జనం ఏం తింటున్నారో కొలుచుకోవడానికి ఒక ప్రశ్నపత్రం తయారుచేసుకున్నారట. దాన్ని పల్నాడు జనానికి సరిపోయేట్టు మార్చమని దీని గైడు పురమాయించాడట. ఇట్లాంటి కాగితాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా మర్యాదగా నవ్వుతూ, మీరు నిన్న ఏం తిన్నారండీ అని అడిగితే, వీళ్ళకిది ఎందుకు, తీసుకుపోయి ఏం చేస్తారు అన్నదే నాకు ముందు తోచే మాట. అయినా కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. చదవకుండా తిట్టడం నాకు చేతకాదు.

కాగితం చెడ్డదేమీ కాదని ఒప్పుకోవాలి. పులియబెట్టిన క్యాబేజీ ఎన్నిసార్లు తింటారు, తింటే ఈ బొమ్మలో ఉన్న చిన్న గిన్నెడా పెద్ద గిన్నెడా అని అడిగారు. సముద్రపు నాచు సంగతి అడిగారు. ఒక చోట, సూపులో ముక్కలు మాత్రమే తిని నీళ్ళు వదిలేస్తారా, నీళ్ళు కూడా తాగేస్తారా అని ఉంది. అక్కడ ఆగిపోయాను. ఉప్పంతా నీళ్ళలోనే కదా ఉండేది. ఈ ప్రశ్న రాసినవాళ్ళెవరో సొంత వంటింట్లో కూచుని, తమవాళ్ళు తిని లేచాక గిన్నెల అడుగులు చూసి రాశారు. "అత్తా, క్యాబేజీ తీసేసి గోంగూర పెడితే సరిపోద్దిగా" అంది కీర్తి. "గోంగూర ఎన్నిసార్లు తింటారని అడిగితే ఇక్కడ ఎవరైనా లెక్క చెప్తారంటే? అన్నం ఎన్నిసార్లు తింటే అన్నిసార్లు" అన్నాను. అది నవ్వింది. నవ్వుతూ చివరి పేజీ తిప్పింది. అక్కడ, అడగడానికి వెళ్ళేవాళ్ళు పాటించవలసిన సూచనలు ఉన్నాయి. ముందురోజు పండగగానీ, జబ్బుగానీ, ఉపవాసంగానీ అయితే ఆ తిండి రాయకూడదు, అది మామూలు రోజు కాదు అని అందులో ఒకటి.

"ఇది తీసెయ్" అన్నాను.

"అది అన్నిట్లోనూ ఉండేదే అత్తా. స్టాండర్డు."

"తెలుసులే. ఆ స్టాండర్డు పట్టుకునే మీ నాయనమ్మ పేరు రెండుసార్లు కొట్టేశా."

అది పెన్ను కిందపెట్టి నా వంక చూసింది. చెప్పక తప్పలేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి మాచర్ల వచ్చిన వేసవిలో, ఇంటింటికీ తిరిగి ఊళ్ళో జనం తిండి రాసే పని చేశాను నేను. అదే వేసవిలో మా అమ్మ వారానికి నాలుగు రోజులు సరిగా తినలేదు. ఆ సంగతి రాయవలసిన మనిషిని నేనే, రాయకుండా వదిలేసిన మనిషినీ నేనే. అందరి వంటిళ్ళనీ అనుమానించాను గాని, మా వంటింటిని అనుమానించడానికి నాకు ఆ వేసవిలో సగం పైన పట్టింది.

మా ఇల్లు మాచర్ల రైలు స్టేషనుకు అవతల, నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల వైపు వెళ్ళే దారిలో ఉండేది. ఆ వరసలో అందరూ రాతిపనివాళ్ళూ, లారీలవాళ్ళూ, మిషన్లు బాగుచేసేవాళ్ళే. రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పోస్తారు. ఆ తడిసిన రాతిపొడి వాసన మా నాన్న చొక్కాలోంచి, తువ్వాల్లోంచి, చివరికి మేం తాగే నీళ్ళలోంచి కూడా వచ్చేది. పొద్దున్నే అమ్మ రంపపుపొట్టు పొయ్యి కూరేది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా తిప్పుతూ పైకి లాగడం ఒక విద్య; చెయ్యి వణికితే పొట్టంతా కూలిపోతుంది. ఆ వేసవిలో ఆమె చేతిలో పొయ్యి రెండుమూడుసార్లు కూలింది. పొట్టు మంచిది కాదే, తడిగా ఉంది అనేది. నేను నమ్మాను. పొట్టు మీద చెప్పిన మాటను అనుమానించాలని ఎవరికి తడుతుంది?

నాన్న రాళ్ళు కోసే మిషను మీద పని. శివరాత్రి దాటగానే కరెంటు కోత మొదలైంది. వారంలో మూడు రోజులు మిషన్లు తిరిగితే గొప్ప. మిషను తిరిగిన రోజుకే కూలి. మా అన్న గుంటూరులో ఐటీఐ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. నేనూ అప్పటిదాకా నరసరావుపేట హాస్టల్లోనే ఉన్నాను కాబట్టి, శివరాత్రి నుంచి ఉగాది దాకా మా ఇంటి గిన్నెల్లో ఏం ఉడికిందో నాకు తెలియదు. ఇంటికొచ్చేసరికి అమ్మ భక్తురాలైపోయి ఉంది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినదు, సాయంత్రం దీపం పెట్టుకుని ఒక్కసారి తింటుంది. ఆ ఒక్కసారి ఎంత తింటుందో చూసినవాళ్ళు లేరు. నేనప్పుడు దేవుడు లేడని వాదించే వయసులో ఉన్నాను. కాబట్టి అమ్మ ఒక్కపొద్దుల మీద ఆమెతో శుభ్రంగా పోట్లాడాను, అదీ సిద్ధాంతం మీద. తింటున్నావా అని మాత్రం అడగలేదు.

ఆ తిండి లెక్కల పని చేయించడానికి పెద్ద సారు హైదరాబాదు నుంచి వచ్చారు. సన్నగా, ఎప్పుడూ లవంగం బుగ్గన పెట్టుకుని ఉండే డాక్టరు. సెలవులకు మూసేసిన హైస్కూల్లో ఒక గది అడిగి తీసుకుని, చదువుకున్న అమ్మాయిలు కావాలని కబురు పెడితే నలుగురం వెళ్ళాం. జీతం పనంతా అయ్యాక ఇస్తామన్నారు, సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు. నాకు ఆ సర్టిఫికెట్ మీద కన్నుంది. మొదటి వారం ఎవరింటికీ వెళ్ళలేదు, ప్రశ్నలు తయారుచేసుకోవడంతోనే సరిపోయింది. సారు మెరిసిపోయే స్టీలు కప్పులు తెచ్చారు, ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి. ఎవరింట్లో అయినా అన్నం ఎంత తిన్నారంటే ఈ కప్పులు చూపించి, ఇన్ని అని రాయాలి. "సార్, మాచర్లలో ఎవరూ అన్నం కప్పుతో తినరు, ముద్ద లెక్క చెప్తారు" అన్నాను. "ముద్ద అంటే ఎంత" అన్నారు సారు. ఎవరింటి నుంచో అన్నం తెప్పించి నలుగురం నాలుగు ముద్దలు చేశాం, సారు ఒకటి చేశారు. కిరాణాకొట్టు త్రాసులో తూచాం. నా ముద్ద అందరికన్నా పెద్దది. "హాస్టల్ తిండి సార్, తొందరగా తినకపోతే అయిపోద్ది" అన్నాను. ఆయన నవ్వి, కప్పులతో పాటు ముద్దలు కూడా ఫారంలో చేర్చారు. ఆయనకు వినే గుణం ఉండేది. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టలేను.

ఉపవాసం సంగతి కూడా ఆ గదిలోనే తేలింది. "పెళ్ళిభోజనం రాస్తే ఊరంతా రోజూ లడ్డూలు తింటున్నట్టు లెక్క వస్తుంది. ఉపవాసం రాస్తే ఊరంతా ఆకలితో ఉన్నట్టు వస్తుంది. మనకు రెండూ వద్దు. మనకు కావలసింది మామూలు రోజు" అన్నారు. అట్లాంటి రోజు తగిలితే ఆ మనిషి పేరు మీద గీత కొట్టి తరవాతి మనిషిని రాయాలి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి కాబట్టి ఒకసారి తప్పినా ఇంకోసారి దొరుకుతారు. నాకు అప్పుడది చాలా తెలివైన మాటగా వినిపించింది. నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

ఇక ఇళ్ళు. రెంటచింతల వైపు నుంచి వీచే గాలికి మొహం కాలిపోయేది. తలుపు తట్టగానే అందరి మొహాల్లోనూ ఒకటే ప్రశ్న. మా నాన్నతో పనిచేసేవాళ్ళ ఇంట్లో ముసలావిడ, నేను వరసకు అత్తా అని పిలిచే మనిషి, గడపకు అడ్డంగా కూచుని నన్ను లోపలికి రానీలేదు.

"ఏమే రాజ్యం, ఇదంతా రాసుకుపోయి కార్డు తీసేస్తారా ఏంది?"

"కార్డుకీ దీనికీ సంబంధం లేదత్తా."

"సంబంధం లేనోళ్ళు ఈ ఎండలో ఎందుకు తిరుగుతారే?"

నేను గడప బయటే కూచుని రాసుకున్నాను. రెండు రూపాయల బియ్యం కార్డు పోతుందేమోనని కొందరు తినేదానికన్నా తక్కువ చెప్పేవాళ్ళు. పక్కింటివాళ్ళు గోడ మీంచి వింటున్నారని కొందరు ఎక్కువ చెప్పేవాళ్ళు. పిల్లలు పుట్టకుండా ఏదో మందు కలపడానికే ఈ లెక్కలని ఇంకో వీధిలో అనుకున్నారు. నేను రెండు వారాల్లో ఆరితేరాను. నోటితో చెప్పేది ఒక చెవిన వింటూ, కళ్ళతో గిన్నెలు వెతికేదాన్ని. గుడ్డు తిన్నామంటే చెత్తబుట్టలో పెంకు ఉందా అని చూసేదాన్ని. ఊరి చివర ఒక ఇంట్లో వరన్నమేనమ్మా మేం తినేది అంటుంటే, బోర్లించిన గంప కిందనుంచి జొన్నన్నం వాసన వచ్చింది. గంప ఎత్తి చూసి జొన్నలు అని రాశాను. ఆ ఇంటి పెద్దావిడ, "ఆ ముక్క చెరిపెయ్యి తల్లీ. కాలవ నీళ్ళొచ్చి ఇన్నేళ్ళయినాక కూడా జొన్నలు తింటన్నామంటే మా అల్లుడు నవ్వుతాడు" అంది. చెరపలేదు. నాకు నిజం కావాలి. ఇప్పుడు అదే జొన్నపిండి నరసరావుపేట కొట్లలో రంగురంగుల సంచుల్లో, బియ్యం కన్నా ఎక్కువ ధరకు దొరుకుతుంది. డాక్టర్లు రాసిస్తున్నారు. ఆ పెద్దావిడ గంప కింద దాచిన గిన్నెను మా కాలనీలో ఇప్పుడు ఫొటో తీసి అందరికీ పంపిస్తున్నారు. ఎవరు ఎప్పుడు ఏది దాస్తారో, ఏది చూపిస్తారో చూస్తే చాలు, మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదని నాకు అనిపిస్తుంది.

ఆ ఇళ్ళ జాబితాలో మా ఇల్లు కూడా పడింది. నిజానికి ఎవరింటి కాగితం వాళ్ళు రాయకూడదు. మాతో ఉన్న ఇంకో అమ్మాయి మా ఇంటికి రావాలి. అంత దూరం ఎండలో దాన్ని నడిపించడం ఎందుకని నేనే రాస్తానన్నాను. మా ఇంట్లో అబద్ధం చెప్పేవాళ్ళెవరున్నారని నా ధీమా. మొదటిసారి మంగళవారం కూచున్నాను. నాన్న తిండి రాశాను, నాది రాశాను. నిన్న సోమవారం అంది అమ్మ. గీత కొట్టాను. రెండోసారి శుక్రవారం. నిన్న గురువారం గదే అంది. మళ్ళీ గీత. ఆ రెండు గీతలూ స్కేలు పెట్టి నీటుగా కొట్టాను.

ఆ తరవాత రెండు రోజులకు అమ్మ బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కూలబడింది. పక్కింటి కాశింబీ పిన్ని రెక్క పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది. కాశింబీ పిన్ని భర్త మా నాన్న ఫ్యాక్టరీలోనే మిషన్లు రిపేరు చేసేవాడు. రెండిళ్ళకీ మధ్య నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన నడుమెత్తు గోడ ఉండేది. ఎండదెబ్బే, ఉప్పేసి నిమ్మకాయ నీళ్ళియ్యి అంది పిన్ని నాతో. చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. అదిగో, అక్కడ నాకు మొదటిసారి అనుమానం వేసింది. అదైనా అమ్మ మీద కాదు, పిన్ని మీద. ఏదో దాస్తోంది అనుకున్నాను.

మర్నాడే కాశింబీ పిన్ని ఇంట్లో కాగితం రాసే వంతు. ఆమె వాకిట్లో మంచం మీద కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. నిన్నటి తిండి అడిగితే, "నిన్న రోజా ఉన్నా బేటీ, రాసుకోబాక" అంది. రంజాను రావడానికి ఇంకా నెల పైన ఉంది.

"రంజాను రాకుండా రోజా ఏంది పిన్నీ?"

"పోయిన రంజానుకి జొరమొచ్చి కొన్ని ఇడిసిపెట్టినా. కొత్త రంజాను లోపల అయి పూర్తి చెయ్యాల."

"పది నెలలూ ఊరుకుని ఇప్పుడు గుర్తొచ్చిందా? ఎన్ని ఇడిసిపెట్టావు? ఎన్ని చేశావు?"

పిన్ని చేట కింద పెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు. చాలాసేపు నా చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాల వంక చూసింది.

"ఇడిసినయ్యి ఏడు. చేసినయ్యి ఏడుకి మూడింతలు అయినయ్యి. అల్లాకి లెక్క తెలుసులే, ఏమనుకోడు. నువ్వు ఈదీదీ తిరిగి గంపలెత్తి చూస్తన్నావంట గదా, అందరూ చెప్పుకుంటన్నారు. మీ ఇంట్లో గంప ఎత్తినావా?"

"మా ఇంట్లో ఏముంది?"

"ఏమీ లేదు, అదే చెప్తన్నా. కరెంటు పోయిన నెలలో నేను రోజాలు పట్టినా, మీ అమ్మ ఒక్కపొద్దులు పట్టింది. సోమారం రోజా మంచిదంటే, సోమారం మాకు శివుడు గదా అంది. గోడకాడ నిలబడి ఇద్దరం ఒకటే నవ్వు. మగోళ్ళకి తెలిస్తే ముద్ద దిగదు అన్జెప్పి ఇద్దరం ఒట్టేసుకున్నాం. నిన్న ఆమె బోరింగుకాడ పడిపోయిందాకా బాగానే ఉంది. ఇప్పుడు నాకు బయమేస్తంది. అందుకని ఒట్టు నేనే తీసేస్తన్నా."

ఆ పూట ఇంకే ఇంటికీ వెళ్ళలేదు. హైస్కూలు గదిలో కూచుని నేను అప్పటిదాకా నింపిన కాగితాలన్నీ తిరగేశాను. మగవాళ్ళ పేర్లు నిండుగా ఉన్నాయి. ఆడవాళ్ళ వరసలో గీతలే గీతలు. గీత లేని చోటల్లా ఆదివారం తిండో, మంగళవారం తిండో, బుధవారం తిండో ఉంది. అంటే మా సర్వేలో ఆడవాళ్ళు తిన్న రోజులే మిగిలాయి, తినని రోజులన్నీ దేవుళ్ళ పేరున ఎగిరిపోయాయి. నా కాగితాలు నమ్మితే మాచర్ల ఆడవాళ్ళంత సుఖంగా తినేవాళ్ళు జిల్లాలో ఉండరు. అందరూ అబద్ధమాడుతున్నారని రుజువు చేయడానికి తిరిగిన నేను, అసలు అబద్ధాన్ని స్కేలు పెట్టి మరీ గీశాను.

సారు రాగానే కాగితాలు ఆయన ముందు పడేశాను. అక్షరాలా పడేశాను, నాకు అప్పుడు మర్యాద తక్కువ. "ఉపవాసం మామూలు రోజు కాదన్నారు. వారానికి నాలుగు రోజులుంటే ఏది మామూలు రోజు సార్?" అన్నాను. ఆయన లవంగం నమలడం ఆపారు. భక్తి వేరు, పస్తు వేరు, రెండూ కలిపితే లెక్క చెడిపోతుంది అన్నారు. ఇప్పుడు చెడిపోయినంత చెడదన్నాను. "పోనీ ఎందుకు ఉపవాసమున్నారని అడుగుదామా" అన్నారాయన. "ఎందుకంటే దేవుడి పేరే చెప్తారు సార్. ఇంట్లో లేక అని ఏ ఆడది చెప్పుద్ది, మొగుడు అరుగు మీద కూచుని వింటా ఉంటే?" అన్నాను. చివరికి నాకే తోచింది. ఎందుకని అడగొద్దు. ఎప్పటి నుంచి అని అడుగుదాం. దేవుడి మీద ఎవరికీ అనుమానం రాదు, మొదలుపెట్టింది కరెంటు కోత నెలలోనేనా అన్నది మాత్రం మనం పట్టుకోవచ్చు. సారు ఫారం తిరగేసి వెనక తన చేత్తో ఆ ప్రశ్న రాసి, గీత కొట్టే సూచనను కొట్టేశారు. "ముందు ఎవరింట్లో అడుగుతావు" అన్నారు. చెప్పాను.

గురువారం. కరెంటు లేదు, నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఆయనకు అన్నం పెట్టి, చింతచిగురు పప్పు పోసి, విసనకర్రతో కూచుంది. నేను అట్ట ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూచున్నాను. ఇదంతా ఆమెతో ఒంటరిగా అడిగితే సరిపోయేది. ఇన్నేళ్ళుగా ఆ మాట నన్ను నేనే అడుగుతున్నాను, నాన్న ముందే ఎందుకు అడిగాను అని. తొందర వల్ల అని చెప్పుకుంటాను. కాని నాకు సాక్షి కావలసి వచ్చిందేమో.

"అమ్మా, నీ ఒక్కపొద్దులు ఎప్పటి నుంచి?"

"అదేం ప్రశ్నే? నువ్వు పాసవ్వాలని మొక్కుకున్నా."

"మొదటి రెండేళ్ళూ మొక్కకుండానే పాసయ్యాగా?"

"ఆఖరి సంవత్సరం కష్టంగదా. అందుకని నాలుగు చేసినా."

"ఎప్పుడు మొదలుపెట్టావు?"

"శివరాత్రికి పట్టినానే. నువ్వు కూతురివా, పోలీసోడివా?"

నాన్న ముద్ద నోటిదాకా తీసుకుపోయినవాడు ఆగాడు. ఆయన నెమ్మదస్తుడు. రాళ్ళ మిషను దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసి చెవులు కొంచెం మందగించాయి కాబట్టి, మేమిద్దరం పోట్లాడుకుంటే పట్టించుకునేవాడు కాదు. ఈసారి గోడల వంక చూశాడు. ఒక్కో గోడా చూసుకుంటూ వచ్చాడు. శివుడి పటం ఉంది, వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, లక్ష్మి ఉంది.

"ఏమే, గురువారం ఎవరికన్నావు?"

"సాయిబాబాకి."

"మనింట్లో సాయిబాబా పటం యాడుంది?"

అమ్మ విసనకర్ర ఆగిపోయింది. ఇంత తిరిగి, ఇన్ని గంపలెత్తిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. నాన్న చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. నా వంక తిరిగి, "ఇప్పుడిది రాస్తావా? నా పెళ్ళాం పస్తులుందని ఆ డాక్టరు చేతిలో పెడతావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాదించేదాన్ని.

"రాయాలి నాన్నా. అందరియ్యి రాశాగా."

"రాయి. కానీ నేను తిన్నది మాత్రం రాయబాక. నేనూ బాబాకి ఒక్కపొద్దే" అని చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూచున్నాడు.

"రాళ్ళెత్తే మనిషివి, నీకెందుకయ్యా ఒక్కపొద్దు, తిను" అంది అమ్మ.

"ఇయ్యాల రాళ్ళు యాడున్నయ్యే. కరెంటు లేదుగా."

పప్పు మీద మీగడలా పొర కట్టింది. ఈగలు తోలేవాళ్ళు లేరు. అమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడవలేదు. ఆయన పళ్ళెం వంక చూస్తూ కూచున్నాడు. చివరికి ఆమె లేచి ఇంకో పళ్ళెం తెచ్చుకుని, గిన్నెలో ఉన్నది వేసుకుంది. ఆమె మొదటి ముద్ద తిన్నాక ఆయన తిన్నాడు. నేను తలొంచుకున్నాను గాని, కళ్ళు ఊరుకోలేదు. ఆమె ముద్దలు లెక్కపెట్టాను. పాడు అలవాటు.

దీంతో ఏదో గొప్ప మార్పు వచ్చిందని చెప్పను. గిన్నెలో అన్నం పెరగలేదు, పంచుకోవడం మారింది, అంతే. పది రోజుల తరవాత నాన్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనికి వెళ్ళి, వర్షాలు పడేదాకా అక్కడే ఉన్నాడు. కాశింబీ పిన్ని మొగుణ్ణి కూడా తీసుకుపోయాడు. అమ్మ సోమ, గురు, శుక్రవారాలు మానేసింది. శనివారం మాత్రం పోయేదాకా చేసింది. అదొక్కటీ నిజమైన మొక్కేనని ఒట్టేసి చెప్పేది. నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నాకు సర్టిఫికెట్ వచ్చింది. కొత్త ప్రశ్నతో మిగతా ఇళ్ళన్నీ తిరిగాం, ఎప్పటి నుంచి అంటే శివరాత్రి నుంచి, హోలీ నుంచి, కరెంటు పోయిన కాడి నుంచి అని ఆడవాళ్ళు తమకు తెలియకుండానే చెప్పేశారు. ఆ కాగితాలన్నీ పెద్ద సారు జీపులో హైదరాబాదు వెళ్ళాయి. అక్కడ ఎవరైనా వెనక పేజీ తిప్పారో లేదో నాకు తెలియదు. తిప్పలేదనే నా అనుమానం. వెనక పేజీకి లెక్క కట్టే గడి ఉండదు.

కీర్తి ఇప్పుడు రాత్రి తిండి మానేసింది. పదహారు గంటలు ఏమీ తినకూడదట, ఫోను గంట కొట్టి చెబుతుంది. దాని స్నేహితులందరూ అంతేనట. తిండి ఉండి మానేసే వాళ్ళకు ఎంత సేపు మానేశామన్నది లెక్క. తిండి లేక మానేసిన మా అమ్మకు ఎవరి పేరు చెప్పి మానెయ్యాలన్నది లెక్క. రెండిట్నీ ఉపవాసమనే అంటున్నారు, రెండిట్నీ ఫారంలో ఒకే గీతతో కొట్టేస్తున్నారు. ఇదంతా దానికి చెప్పాను. "అయితే నాయనమ్మది ఆ మూడోసారి ఏం రాశావత్తా" అని అడిగింది. దానికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ తప్పించుకోను.

ఆ గురువారం మర్నాడు పొద్దున కాగితం తీసుకుని అమ్మ దగ్గర కూచున్నాను. నాన్న స్నానం చేసి తువ్వాలు ఆరేస్తున్నాడు. "ఇయ్యాల శుక్రవారం, లక్ష్మీదేవికి" అని అమ్మ అనబోతే, "ఆమె మనింటికి రావటమే మానేసింది, ఆమె కోసం నువ్వు మాడటమెందుకు" అన్నాడు. అమ్మకు నవ్వొచ్చింది. చాలా రోజులకు ఆ నవ్వు విన్నాను. నిన్న ఏం తిన్నావమ్మా అని, ఇంటింటా అడిగినట్టే అడిగాను. వరన్నం, నాలుగు ముద్దలు. చింతచిగురు పప్పు, రెండు గరిటెలు. రాత్రికి రెండు ముద్దలు, పచ్చిమిరపకాయ పచ్చడి. మొదటిసారి ఆమె పేరు మీద గీత లేదు. వెనక్కి తిప్పి, ఎప్పటి నుంచి అన్న చోట శివరాత్రి అని రాశాను. రాస్తుంటే ఆమె నా భుజం మీంచి వంగి చూసింది. చదువు రాదు ఆమెకు. గీతలు ఎన్ని ఉన్నాయో మాత్రం చూస్తుంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతేగదమ్మా తిన్నది."

"ఎవరో పెద్దాయన చూస్తాడంటివి." కాసేపు కొంగుతో మెడ తుడుచుకుంది. "మజ్జిగ కూడా తాగినానని రాయే. మరీ ఎండు తిండి తిన్నానంటే మీ నాన్నకి బాగోదు."

మా ఇంట్లో పాలు తోడెయ్యక అప్పటికి నెల పైనే అయింది. నాన్న తువ్వాలు దులుపుతూ అటు తిరిగి నిలబడ్డాడు, వినపడిందో లేదో. నేను రాశాను. మజ్జిగ, ఒక గ్లాసు.